మృగశిర కార్తెకు ముందే ముసలి కుక్క దురద సంగతి తేల్చుకోండి

రోహిణి కార్తె ఎండలకి మనుషులమే అల్లాడిపోతుంటాం. ఆ టైంలో ఇంట్లో పెద్దవయసు కుక్క గోక్కుంటోందంటే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. "వేడికి బొచ్చు రాలుతోందిలే, వానలు పడితే అదే సర్దుకుంటుంది" అని ఊరుకుంటారు. హైదరాబాద్‌లో జరిగేది దీనికి సరిగ్గా రివర్స్. జూన్‌లో వానలు దిగి గాలిలో తేమ పెరగగానే, ఎండాకాలం కొద్దిగా ఉన్న దురద మీద బ్యాక్టీరియా, ఈస్ట్ అనే ఒకరకం ఫంగస్ వచ్చి చేరతాయి. జూలైలో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళేసరికి ఒళ్ళంతా ఎర్రగా, జిడ్డుగా, ముక్కు మూసుకునేంత వాసనగా తయారవుతుంది. అప్పుడు ముందు ఏ జబ్బు వచ్చింది, దాని మీద ఏది చేరింది అని విడదీయడం డాక్టర్‌కీ కష్టమే. అందుకని ఏడెనిమిదేళ్ళు దాటిన కుక్క ఉన్నవాళ్ళు ఈ పని వానలకి ముందే పెట్టుకోవాలి.

ఇక్కడ వయసు చాలా ముఖ్యం. దుమ్ము, పుప్పొడి లాంటివి పడక వచ్చే అలర్జీ దురద సాధారణంగా ఆరు నెలల నుంచి మూడేళ్ళ లోపే మొదలవుతుంది. చిన్నప్పటి నుంచీ ప్రతి సీజన్‌లో గోక్కునే కుక్క ఇప్పుడూ గోక్కుంటోందంటే అది పాత కథే. కానీ తొమ్మిదేళ్ళు చర్మం చక్కగా ఉండి, ఇప్పుడు కొత్తగా దురద మొదలైందంటే "అలర్జీ అయ్యుంటుంది" అనే మాటతో సరిపెట్టుకోకండి. పురుగులు, ఇన్ఫెక్షన్, హార్మోన్ తేడా, అరుదుగా కేన్సర్. ఈ నాలుగూ చూశాకే అలర్జీ మాట ఎత్తాలి.

ముందు దురదా, ముందు జుట్టు రాలడమా?

డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న ఇదే. చాలామంది తడబడేదీ ఇక్కడే. గోకి గోకి, నాకి నాకి జుట్టు పోవడం ఒక దారి. దురద లేకుండా జుట్టు దానంతటదే పలచబడటం ఇంకో దారి. మొదటిదైతే పురుగులు, ఇన్ఫెక్షన్లు, అలర్జీల వైపు చూస్తారు. రెండోదైతే థైరాయిడ్, కుషింగ్స్ లాంటి హార్మోన్ జబ్బుల వైపు.

కుక్క మనం చూడనప్పుడు నాక్కుంటుంది కాబట్టి కంటితో చూసింది నమ్మలేం. పలచబడిన చోట అరచేత్తో మెల్లగా, జుట్టు మొలిచే దిశకి ఎదురుగా నిమరండి. రెండు రోజుల గడ్డంలా గరుకుగా, పొట్టి మోళ్ళు తగిలితే జుట్టు తెగిందన్నమాట. అది నాకుతోందో, కొరుకుతోందో. నున్నగా తగిలి, పక్కనున్న జుట్టు మెల్లగా లాగితే కుచ్చుగా ఊడి వస్తుంటే కుదుళ్ళలోనే తేడా ఉన్నట్టు. లేతరంగు కుక్కల్లో ఇంకో గుర్తు ఉంది. ఎక్కువగా నాకే చోట జుట్టు ఎంగిలి తడికి తుప్పు రంగులోకి మారుతుంది. కాలి వేళ్ళ సందుల్లో చూడండి.

తర్వాత దురద ఎక్కడ ఉందో చూడాలి. తోక మొదలు, నడుము కింది భాగం, వెనక తొడలు అయితే ముందు ఫ్లీలనే అనుమానించాలి. గెంతే ఈ చిన్న పురుగులు కంటికి దొరకవు, కానీ వాటి మురికి దొరుకుతుంది. కుక్కని తెల్ల కాగితం మీద నిలబెట్టి నడుము దగ్గర సన్నపళ్ళ దువ్వెనతో దువ్వండి. మిరియాల పొడిలా నల్లటి నలుసులు రాలితే వాటి మీద రెండు చుక్కల నీళ్ళు వేయండి. మామూలు దుమ్మైతే నల్లగానే ఉంటుంది. చుట్టూ ఎర్రగా, ఇటుకరంగులో మరక పాకితే అది ఫ్లీ పీల్చి వదిలిన రక్తమే. ఫ్లీ ఉమ్మి అంటే అలర్జీ ఉన్న కుక్కకి నాలుగైదు కాట్లు చాలు, వారాల తరబడి గోక్కోడానికి.

చెవి అంచులు, మోచేతులు, వెనక కాళ్ళ మడమలు, పొట్ట అయితే గజ్జిని అనుమానించాలి. చెవి అంచుని వేళ్ళ మధ్య నలిపితే వెనక కాలు గాల్లో గోకడం మొదలుపెడుతుంది, ఇది గజ్జిలో తరచుగా కనిపించే గుర్తు. ఇంట్లో వాళ్ళకి కూడా చేతుల మీద, నడుము దగ్గర ఎర్రటి దద్దుర్లు, రాత్రిళ్ళు దురద ఉంటే ఆ మాట సిగ్గుపడకుండా డాక్టర్‌కి చెప్పాలి. గజ్జి పురుగు చర్మం గీకి చూసినా చాలాసార్లు మైక్రోస్కోప్‌కి దొరకదు. రిపోర్టులో లేదని వచ్చినా, లక్షణాలు సరిపోతే డాక్టర్లు మందు వేసి చూస్తారు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పడుకునే వీధికుక్కలతో మీవాడికి దోస్తీ ఉంటే అదీ చెప్పండి. ఇంట్లో రెండు కుక్కలుంటే రెండింటికీ మందు పడాలి.

డెమోడెక్స్ అనే ఇంకో పురుగు ఉంది. ఇది ఆరోగ్యంగా ఉన్న కుక్కల చర్మంలో కూడా కొద్దిగా ఉంటుంది, ఏమీ చేయదు. నాలుగేళ్ళు దాటిన కుక్కలో ఇది ఒక్కసారిగా పెరిగి మచ్చలు మచ్చలుగా జుట్టు పోతోందంటే లోపల ఏదో రోగనిరోధక శక్తిని లాగేస్తోందేమో చూడాలి. కుషింగ్స్ కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, గడ్డ కావచ్చు, ఎక్కువకాలం వాడిన స్టెరాయిడ్ కావచ్చు. పురుగుకి మందు వేసి ఊరుకుంటే సగం పనే అయినట్టు.

నీళ్ళ గిన్నె, పొట్ట, తోక

రెండు పక్కలా ఒకేలా, అద్దంలో చూసినట్టు జుట్టు పలచబడుతూ, తలా కాళ్ళూ మాత్రం బాగానే ఉంటే హార్మోన్ మాట గట్టిగా ఆలోచించాలి. కుషింగ్స్‌లో అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్‌ని ఎక్కువగా వదులుతాయి. కుక్క నీళ్ళు తెగ తాగుతుంది, మూత్రం తెగ పోస్తుంది, ఆకలి విపరీతంగా ఉంటుంది, పొట్ట వేలాడుతుంది, చర్మం కాగితంలా పలచబడుతుంది. వాచ్‌మన్ వచ్చి "లిఫ్ట్‌లో మీ కుక్కే పోసింది సార్" అంటే కోప్పడకండి, అది జబ్బు గుర్తు కావచ్చు.

నీళ్ళు కొలవడం ఇంట్లోనే అవుతుంది. పొద్దున లీటర్ల లెక్కన కొలిచి పోసి, మర్నాడు అదే టైంకి మిగిలింది కొలవండి. వరసగా మూడు రోజులు చేసి సగటు తీయండి. కిలో బరువుకి రోజుకి 100 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువే, అంటే 30 కిలోల లాబ్రడార్‌కి మూడు లీటర్లు. మే ఎండలో, అందులోనూ డ్రై ఫుడ్ తినే కుక్క మామూలుగానే ఎక్కువ తాగుతుంది కాబట్టి బాగా కాలిన రోజులు వదిలేసి, మబ్బు పట్టిన రోజుల్లో కొలిస్తే లెక్క సరిగ్గా వస్తుంది. షుగర్, కిడ్నీ జబ్బుల్లోనూ ఇలాగే తాగుతుంది, కాబట్టి అంకె చూసి మీరే పేరు పెట్టేయకండి.

థైరాయిడ్ తగ్గితే కథ వేరు. తిండి పెంచకుండానే ఒళ్ళు వస్తుంది, ఎప్పుడూ నిద్ర, తోక మీద జుట్టు పోయి బోడిగా అవుతుంది, ముఖం దిగులుగా కనిపిస్తుంది. "వయసైపోయింది పాపం" అని అందరూ అనుకునే కుక్కల్లో కొన్నింటికి ఇదే ఉంటుంది. మందు వేస్తే మళ్ళీ గేటు దాకా పరిగెత్తుతాయి. కాకపోతే థైరాయిడ్ హార్మోన్‌ని కొలిచే టీ4 అనే ఒక్క రక్తపరీక్షలో తగ్గిందని మందు మొదలుపెట్టడం తొందరపాటు. వేరే ఏ జబ్బున్నా, స్టెరాయిడ్ వాడుతున్నా, ఫిట్స్‌కి ఫినోబార్బిటాల్ వాడుతున్నా టీ4 తగ్గి కనిపిస్తుంది. దానితోపాటు టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 అనే మిగతా థైరాయిడ్ పరీక్షలు కూడా చూడమని అడగండి.

ఆపరేషన్ చేయించని మగకుక్క అయితే వృషణాలు రెండూ కింద ఉన్నాయా, ఒకటి పెద్దదై ఇంకోటి కుంచించుకుపోయిందా చూడండి. అక్కడ వచ్చే ఒకరకం గడ్డ ఆడ హార్మోన్‌ని వదిలి జుట్టు రాలేలా చేస్తుంది.

ఎండాకాలం గుండు కొట్టించేవాళ్ళు మన ఊళ్ళో చాలామంది. పొమరేనియన్, హస్కీ లాంటి రెండు పొరల జుట్టున్న కుక్కకి మొత్తం గీయించడం నాకు నచ్చదు. మళ్ళీ రావడానికి ఏడాది పట్టినవీ ఉంటాయి. ఇప్పటికే గీయించేసి ఉంటే, రెండు మూడు నెలలైనా అక్కడ మోళ్ళు కూడా రాకపోతే ఆ విషయం గుర్తుపెట్టుకుని చెప్పండి. హార్మోన్ జబ్బు కొన్నిసార్లు బయటపడేది ఇలాగే.

దురద పోయే ఇంజెక్షన్

"డాక్టర్ గారూ, ముందు ఆ దురద పోయే ఇంజెక్షన్ ఏదో వేసేయండి." ఈ మాట మనమే అంటాం. అది చాలాసార్లు స్టెరాయిడ్. స్టెరాయిడ్ చెడ్డ మందేమీ కాదు, సరైన చోట ప్రాణం నిలబెడుతుంది. కానీ కారణం తెలియకముందే వేస్తే దురద సర్దుకుంటుంది, గజ్జి మాత్రం లోపల పెరుగుతుంది, డెమోడెక్స్ ఒళ్ళంతా పాకుతుంది, థైరాయిడ్, కార్టిసాల్ పరీక్షలు తప్పుగా వస్తాయి. వారాల తరబడి పనిచేసే ఇంజెక్షన్లు పదేపదే పడితే, లేని కుషింగ్స్‌ని మనమే తెచ్చిపెట్టినట్టవుతుంది. ఇంకో ప్రమాదం కీళ్ళ నొప్పుల కుక్కలకి. మెలాక్సికామ్ లాంటి నొప్పి మందు నడుస్తుండగా స్టెరాయిడ్ పడితే కడుపులో పుండ్లు పడి రక్తం పోవచ్చు. అందుకని ప్రతి డాక్టర్‌కీ పాత చీటీలన్నీ చూపించాలి. ఇప్పటికే స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే ఇది చదివి ఒక్కసారిగా ఆపేయకండి, మెల్లగా తగ్గించాలి.

మెడికల్ షాపులో దొరికే మనుషుల దురద క్రీముల్లో కూడా చాలావాటిలో స్టెరాయిడ్ కలిసే ఉంటుంది, పైగా కుక్క దాన్ని నాకేస్తుంది. కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాయడం మన ఇళ్ళలో మామూలే, కానీ కర్పూరం కుక్కకి విషం. ఫినాయిల్, కిరోసిన్, టీ ట్రీ ఆయిల్ కూడా అంతే. వేపాకు నీళ్ళతో కడిగితే నష్టం లేదు, అయితే దానితో గజ్జి పోదు.

పురుగుల మందు విషయంలోనూ ముసలి కుక్కకి లెక్కలుంటాయి. నెలకో మూడు నెలలకో ఒకటి వేసే నమిలే మాత్రలు పిడుదులు, ఫ్లీలు, గజ్జి అన్నింటి మీదా బాగా పనిచేస్తాయి, కానీ ఫిట్స్ వచ్చే కుక్క అయితే ముందు చెప్పాలి. షుగర్ ఉన్న కుక్కకి అమిట్రాజ్ అనే పురుగుల మందుతో స్నానం వద్దు, అది రక్తంలో చక్కెర పెంచుతుంది. పర్మెత్రిన్ ఉన్న స్ప్రేలు ఇంట్లో పిల్లి ఉంటే అసలు తేకూడదు. కోలీ జాతి కుక్కలకి ఐవర్‌మెక్టిన్ ప్రాణం మీదికి తెస్తుంది.

మన దగ్గర పిడుదులు కుక్క మీద కన్నా ఇంట్లోనే ఎక్కువ. గోడ పగుళ్ళలో, కర్టెన్ మడతల్లో, కిటికీ ఫ్రేముల వెనక గుడ్లు పెడతాయి, ఒక్కోటి వేలల్లో. అందుకే వానలకి ముందే కుక్కకి మందు వేసి, అదే వారంలో ఇల్లు కూడా శుభ్రం చేయించాలి. తీసిన పిడుదుని వేళ్ళతో నలపకుండా సబ్బు నీళ్ళలో వేయండి.

తిండి వల్ల అనుమానం ఉంటే కనీసం ఎనిమిది వారాల పరీక్ష ఉంటుంది. ఇంతకుముందు తినని మాంసం, లేదా డాక్టర్ రాసిచ్చే ప్రత్యేక ఫుడ్ తప్ప ఇంకేమీ నోట్లో పడకూడదు. చికెన్, పాలు, పెరుగు కుక్కలకి పడనివాటిలో ముందుంటాయి. పెరుగన్నం అమాయకమైన తిండి అనుకోవద్దు. హైదరాబాదీ ఇళ్ళలో మృగశిర నాడు చేపల కూర, ఆషాఢంలో బోనాలు, వచ్చిన చుట్టాలు ప్రేమగా విసిరే బొక్కలు. వీటి మధ్య పరీక్ష నిలవదు. మొదలుపెడితే ఏప్రిల్‌లోనే పెట్టండి, లేదా బోనాలు అయ్యాక. మాంసం వాసన కలిపిన పురుగుల మాత్రలు కూడా పరీక్షని చెడగొడతాయి, ఆ రోజుల్లో మెడ మీద వేసే మందు అడగండి.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేముందు రెండు మూడు రోజులు స్నానం చేయించకండి. శుభ్రంగా తీసుకెళ్ళాలని అనిపిస్తుంది, కానీ పొక్కులు, పొలుసులు, జిడ్డు అన్నీ డాక్టర్‌కి ఆధారాలు. చర్మం గీకి చూడటం, టేప్ అంటించి మైక్రోస్కోప్ కింద చూడటం, చెవి గులిమి చూడటం, ఇవి ముందు జరగాలి. అలర్జీ ప్యానెల్ అనే వేల రూపాయల పరీక్ష ఇవేవీ చేయకుండా రాస్తే, వీటి గురించి మర్యాదగానే అడగండి. తామర అనుమానం ఉంటే కల్చర్‌కి రెండు మూడు వారాలు పడుతుంది. పొద్దున మొదటిసారి పోసిన మూత్రం చిన్న సీసాలో పట్టుకెళ్తే మంచిది. పెద్ద పరీక్షలకి నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉన్నాయి. పొద్దున్నే వెళ్ళాలి.

వానలు మొదలయ్యాక రోజూ చేయాల్సింది ఒక్కటే, ఆరబెట్టడం. బయటి నుంచి రాగానే వేళ్ళ సందులు, చంకలు, తొడల మధ్య తుడవండి. మందు షాంపూ రాశాక పది నిమిషాలు ఉంచి కడగాలి, రాసిన వెంటనే కడిగేస్తే డబ్బు దండగ. మోచేతుల మీద జుట్టు పోయి మందంగా, బూడిదరంగులో ఉన్న చర్మానికి మాత్రం కంగారు పడకండి. అది గ్రానైట్ నేల మీద పడుకుని పడిన కాయ, కింద మెత్తగా పరుపు వేస్తే చాలు.

ముక్కు మీద, పెదవుల మీద నలుపు పోయి గులాబీ రంగు తేలుతుంటే, లేదా మందులు వాడినా తగ్గని ఎర్రటి మందపాటి మచ్చలు ఉంటే చర్మం ముక్క తీసి బయాప్సీ చేయించాలి. ముసలి కుక్కల్లో ఒకరకం చర్మ కేన్సర్ ఇలాగే మొదలవుతుంది. ఇక చిగుళ్ళు పాలిపోవడం, ముక్కులో రక్తం, పొట్ట మీద ఊదారంగు మచ్చలు, జ్వరంతో తిండి మానేయడం కనిపిస్తే అది చర్మం సంగతి కాదు, పిడుదుల జ్వరం కావచ్చు. తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే తీసుకెళ్ళి ప్లేట్‌లెట్లు చూపించండి.