ఈడీటీఏ యాసిడ్ పొడి కరగలేదా? నా అనుభవం

బెంగళూరులో పీణ్య దగ్గర చిన్న షెడ్‌లో హోటళ్ల స్టీల్ గిన్నెలు కడగడానికి కాస్టిక్ (సోడియం హైడ్రాక్సైడ్, గాఢ క్షారం) లిక్విడ్ చేస్తాం. బోరు నీళ్లు బాగా గట్టివి, గిన్నెలు ఆరాక తెల్లపొర వస్తోందని ఈడీటీఏ (నీళ్లలో గట్టిదనాన్ని పట్టి ఉంచే రసాయనం) వేశాను, కానీ మాకు దొరికింది యాసిడ్ రకం, సోడియం ఉప్పు కాదు. పొడి అడుగున సున్నంలా పేరుకుపోయింది, జిడ్డు కూడా సరిగ్గా వదల్లేదు.

వేడినీళ్లు, రాత్రంతా కలపడం, పొడి రెట్టింపు వెయ్యడం, ఏదీ పనిచెయ్యలేదు.

ఆ పొడి మామూలు నీళ్లలో దాదాపు కరగదు, క్షారంలోనే ఉప్పుగా మారి కరుగుతుంది, ఆ మారేటప్పుడు మన కాస్టిక్‌నే తినేస్తుంది. లెక్కేస్తే 100 గ్రాముల పొడికి సుమారు 55 గ్రాముల కాస్టిక్ పోతుంది. నేనది లెక్కలో కలుపుకోలేదు, అసలు తప్పక్కడే.

ఇప్పుడు ముందు నీళ్లు పోసి, అందులో కాస్టిక్ కొంచెం కొంచెంగా వేస్తా (కాస్టిక్ మీద నీళ్లు మాత్రం పొయ్యొద్దు, గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి), ఫార్ములాలో ఉన్నదానికి ఈ 55 అదనం. గోరువెచ్చగా చల్లారాక పొడి గుప్పెడు గుప్పెడు చల్లుతూ కలుపుతా, మొదట పాలలా తెల్లబడి కాసేపటికి అడుగు కనిపించేంత తేటగా అవుతుంది, ఆ తేట వచ్చేదాకా ఇంకేదీ వెయ్యను. తర్వాత పీహెచ్ చూసి, నురగ మందు చివర్లో.

మా నీళ్లకి పొర పోయింది. మీ నీళ్లలో గట్టిదనం వేరైతే మోతాదు మారొచ్చు, ముందు ఒక లీటరు చేసి చూడండి. సిట్రిక్ యాసిడ్ వేసేవాళ్లకీ కాస్టిక్ ఇలాగే ఖర్చవుతుంది, లెక్క మాత్రం వేరు. అల్యూమినియం గిన్నెలకి మాత్రం ఇది వాడకండి, కాస్టిక్ తినేస్తుంది.