ఫోన్‌కి వయసైపోయిందా, ఒక్క భాగానికేనా?

కాస్త జాగ్రత్తగా వాడితే ఇప్పటి స్మార్ట్‌ఫోన్ ఐదారేళ్లు నడవాలి. రెండు మూడేళ్లకే పనైపోయిందనిపిస్తే ముందు అనుమానించాల్సింది బ్యాటరీని. దేనికైనా సరే, డబ్బు పెట్టే ముందు సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, ఆండ్రాయిడ్ వెర్షన్ తెరిచి సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. అది ఈమధ్యదే అయితే రిపేరు దండగ కాదు. ఏడాది దాటి, కంపెనీ కూడా అప్‌డేట్లు ఆపేసి ఉంటే బ్యాటరీ వరకు పర్వాలేదు, డిస్‌ప్లే మాత్రం వేయించకండి.

గెలాక్సీ ఎస్24, పిక్సెల్ 8 నుంచి వాటి తయారీదార్లు 7 ఏళ్ల అప్‌డేట్లు ఇస్తామన్నారు. ఆ లెక్క మోడల్ మార్కెట్లోకి వచ్చిన నాటి నుంచి మొదలవుతుంది, మీరు కొన్న రోజు నుంచి కాదు. దసరా ఆఫర్లో రెండేళ్ల పాత మోడల్ చవగ్గా దొరికిందంటే, రెండేళ్ల అప్‌డేట్లు అప్పటికే అయిపోయాయన్నమాట.

30 శాతం ఉండగానే స్విచ్ఛాఫ్ అవుతోంది

పాతబడేకొద్దీ బ్యాటరీలో అంతర్గత నిరోధం పెరుగుతుంది. కెమెరా ఫ్లాషో వీడియో కాలో ఒక్కసారిగా కరెంటు లాగినప్పుడు వోల్టేజీ పడిపోయి ఫోన్ తనంతట తనే ఆగిపోతుంది. ఛార్జర్‌కి తగిలిస్తే బాగానే నడుస్తూ, తీయగానే ఇలా చేస్తుంటే తప్పు బ్యాటరీదేనని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

ఐఫోన్‌లో బ్యాటరీ హెల్త్, అంటే కొత్తప్పటితో పోలిస్తే మిగిలిన సామర్థ్యం, 80 శాతం కంటే తగ్గితే మార్చండి. యాపిల్ లెక్క ప్రకారం ఐఫోన్ 14 వరకు 500 సైకిళ్లకు, 15 నుంచి 1000 సైకిళ్లకు 80 శాతం నిలవాలి. సైకిల్ అంటే ఛార్జింగ్ పెట్టిన ప్రతిసారీ కాదు, మొత్తం 100 శాతం ఖర్చు కావడం. రోజుకి సగం చొప్పున రెండు రోజులు వాడితే ఒక సైకిల్. శాంసంగ్‌లో అయితే శాంసంగ్ మెంబర్స్ యాప్‌లోని డయాగ్నస్టిక్స్ బ్యాటరీ స్థితి చెబుతుంది.

బ్యాటరీ మార్చినప్పుడు వెనక అంచుల జిగురు సీల్ కూడా కొత్తది వేయమని అడగండి. చాలా షాపుల్లో పాత జిగురుతోనే అతికించేస్తారు. ఆ తర్వాత నీళ్లు తగిలితే లోపలికి వెళ్లిపోతాయి.

వెనక మూత లేస్తోంది

బ్యాటరీ ఉబ్బింది. ఛార్జింగ్ పెట్టకండి, నొక్కకండి, గుచ్చకండి. ఫోన్ ఆపేసి సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి. తీసేసిన బ్యాటరీని చెత్తబుట్టలో పడేయకూడదు.

ఛార్జింగ్ ఎక్కట్లేదు

ముందు కేబుల్, తర్వాత అడాప్టర్ మార్చి చూడండి. కేబుల్ పూర్తిగా లోపలికి దిగకపోతే జేబులోని నూగు పోర్టు అడుగున గట్టిపడి ఉంటుంది. ఫోన్ ఆపి, టార్చి వెలుగులో చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా లాగండి. పిన్నీసు వద్దు, లోపలి పిన్నులు షార్ట్ అవుతాయి. కేబుల్ పూర్తిగా దిగినా వదులుగా కదులుతుంటే పోర్టు అరిగింది. చాలా మోడళ్లలో ఛార్జింగ్ పోర్టు విడిగా చిన్న సబ్‌బోర్డు మీద ఉంటుంది కాబట్టి అది పెద్ద ఖర్చు కాదు.

వేడెక్కి ఛార్జింగ్ ఆగిపోతోంది

ఐఫోన్‌ని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమంటుంది యాపిల్. రెంటచింతల, రామగుండం ఎండలు 45 దాటుతాయి. కారు డ్యాష్‌బోర్డు మీద మ్యాప్స్ నడుపుతూ ఛార్జింగ్ పెట్టడమంత చెడ్డ అలవాటు బ్యాటరీకి ఇంకోటి లేదు. కవర్ తీసి నీడలో ఉంచండి. ఫ్రిజ్‌లో పెడితే లోపల తేమ పడుతుంది. 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సెట్టింగ్ ఉంటే వేసవంతా వాడండి.

హ్యాంగ్ అవుతోంది

స్టోరేజీ నిండిపోయి ఉంటుంది. 10, 15 శాతమైనా ఖాళీ ఉంచాలి. వాట్సాప్‌లో స్టోరేజ్ అండ్ డేటా, మేనేజ్ స్టోరేజ్ తెరిచి పెద్ద వీడియోలు తీసేయండి. 3 జీబీ ర్యామ్ ఫోన్‌కి రీసెట్ కొట్టినా కొన్నాళ్ల ఊరటే.

తెర మీద నిలువుగా ఆకుపచ్చ గీత

ఇది అమోలెడ్ (ప్రతి చుక్కా తనే వెలిగే రకం తెర) ప్యానెల్ లోపం, రీసెట్‌తో పోదు. బయట విప్పించే ముందు సర్వీస్ సెంటర్లో అడగండి. కొన్ని మోడళ్లకు కంపెనీలు మన దేశంలో ఉచితంగా మార్చి ఇచ్చాయి. షాపుల్లో చవగ్గా దొరికే కాంబోలు (తెర, టచ్ కలిపి అమ్మే సెట్లు) చాలావరకు అమోలెడ్ కాదు, వెనక లైటుతో వెలిగే ఎల్‌సీడీలే. వాటితో తెర కింది వేలిముద్ర పనిచేయదు.

దానంతటదే రీస్టార్ట్ అవుతూ, సిమ్‌ని కూడా గుర్తించట్లేదు

సేఫ్ మోడ్‌లోనూ (మీరు వేసుకున్న యాప్‌లు లేకుండా ఫోన్ నడిచే పద్ధతి) ఇదే తంతైతే మదర్‌బోర్డు, అంటే ఫోన్ ప్రధాన సర్క్యూట్ బోర్డు మీద అనుమానం పెట్టుకోవచ్చు. ఆన్ అయినప్పుడే ఫొటోలు, కాంటాక్టులు, వాట్సాప్ బ్యాకప్ బయటకి తీసేయండి. పాత ఫోన్‌కి బోర్డు వేయించకుండా ఆ డబ్బు కొత్తదానికి పెట్టండి.