కాలువ అవతలి పిల్లలు టీకా మ్యాపులో ఎలా తప్పిపోతారంటే

విజయవాడలో టీకా మ్యాపు వేస్తే మొదట దెబ్బకొట్టేవి కాలువలే. టీకా సెషన్ జరిగే అంగన్‌వాడీ చుట్టూ 500 మీటర్ల వలయం గీస్తే రైవస్ కాలువ అవతలి వీధి కూడా పచ్చగా, ‘అందింది’ అన్నట్టే కనిపిస్తుంది. బిడ్డను చంకనేసుకున్న తల్లి మాత్రం వంతెన దాకా వెళ్లి చుట్టు తిరిగి రావాలి. గుణదల కొండవాలు ఇళ్లదీ ఇదే తంతు. అక్కడ దూరం మీటర్లలో కాదు, మెట్లలో.

అందుకే మ్యాపులు వేసే ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో వలయాలు తీసేసి, అందరూ కలిసి గీసే ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ దారుల మీద నడక దూరం లెక్కగట్టాం. ముందు మ్యాపు లేయర్‌ను డిగ్రీల్లోంచి, మీటర్లలో కొలిచే యూటీఎం 44 ఉత్తర జోన్‌లోకి మార్చుకోవాలి. లేకపోతే 500 అని కొట్టగానే డిగ్రీలనుకుని వలయం భూగోళాన్నే మింగేస్తుంది. మెట్లదారులు, చిన్న వంతెనలు మ్యాపులో చాలావరకు ఉండవు. ఆశా కార్యకర్త వెంట నడిచి గీసుకోవాల్సిందే, దీనికి అడ్డదారి లేదు.

ఇళ్ల పాయింట్లకు ఫోన్‌లో సర్వే వివరాలు నింపే యాప్ కోబోకలెక్ట్ చాలు. ఇరుకు సందుల్లో జీపీఎస్ పక్క వీధికి జారిపోతుంది. ఖచ్చితత్వం 10 మీటర్లలోపు వచ్చేదాకా ఆగండి. పేర్లొద్దు. ఇంటికి మనమిచ్చిన నంబరు, పుట్టిన తేదీ, ఆఖరి టీకా, అంతే. 12 నెలలు నిండినా ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) మొదటి డోసు పడనివాళ్లకు ఎర్రచుక్క.

చుక్కలు గుంపుగా ఉన్నచోటే సెషన్ పెట్టాలి, కానీ టైము మ్యాపు చెప్పదు. కూలిపనికి పొద్దున్నే వెళ్లే ఇళ్లయితే సాయంత్రమే నయం. పొడిలో ద్రావకం కలిపిన ఎంఆర్ వయల్ (టీకా సీసా) 4 గంటలు దాటితే పారేయాలి కాబట్టి, పిల్లలు వచ్చాకే కలపండి.