రోజంతా ఆఫీసు పనే అయిపోతోందా? ముందు అసలు గంటలు రాసిపెట్టండి

హైదరాబాద్‌లో కూర్చుని న్యూయార్క్ క్లయింట్‌కి పనిచేసేవాళ్లకి ఈ రోజువారీ లెక్క బాగా తెలుసు. పొద్దున పదింటికి స్టాండప్ (టీమ్ రోజువారీ చిన్న మీటింగ్), సాయంత్రం ఆరున్నరకి క్లయింట్ కాల్, అది ఎనిమిదిన్నర దాకా సాగుతుంది, తిన్నాక మళ్లీ లాప్‌టాప్ తెరిస్తే మూసేసరికి పదకొండు. టైమ్‌షీట్‌లో మాత్రం 8 అని వేసి సబ్మిట్ కొడతాం, ఎందుకంటే బిల్లింగ్ ఆ 8కే. అసలు చిక్కు ఇక్కడే ఉంది. పదకొండు గంటలు పట్టిన పని 8 గంటల పనిగా నమోదైతే, వచ్చే స్ప్రింట్‌కి, అంటే తర్వాతి విడత పనికి, ఎస్టిమేట్ కూడా ఆ 8 మీదే వేస్తారు. మీ లీడ్ ఎంత మంచివాడైనా ఆయన చేతిలో ఉన్న లెక్క అదొక్కటే.

అందుకే ముందు ఓ రెండు వారాలు మీ సొంత లెక్క రాయండి. అఫీషియల్ టైమ్‌షీట్‌లో నిజం వేసే వీలుంటే వేయండి, లేకపోతే ఒక ఎక్సెల్ షీట్ చాలు. ఎప్పుడు మొదలుపెట్టారు, ఎప్పుడు ఆపారు, ఆ సమయం కాల్‌లో పోయిందా, అసలు పనిలో పోయిందా, లేక ఎవరో యాక్సెస్ ఇస్తారని, అప్రూవల్ వస్తుందని ఎదురుచూడటంలో పోయిందా. ఈ మూడో రకం ఎంత పేరుకుపోతుందో రాస్తేనే తెలుస్తుంది.

ఎక్కువసేపు కూర్చుంటే ఎక్కువ పని అవుతుందనే నమ్మకం మన దగ్గర చాలా గట్టిది. 2023 అక్టోబర్‌లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు, 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు 90 దాకా వెళ్లారు. కానీ మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ మందుగుండు ఫ్యాక్టరీల రికార్డులను స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త జాన్ పెంకావెల్ లెక్కకట్టి 2014లో ప్రచురించారు: వారానికి 50 గంటలు దాటాక గంటగంటకీ దక్కే పని తగ్గుతూ పోయింది, 70 గంటలు చేసినవాళ్లకీ 56 గంటలు చేసినవాళ్లకీ మొత్తం ఉత్పత్తిలో పెద్ద తేడా లేదు. అది చేతి పని. కోడ్‌లో అయితే రాత్రి పదకొండింటికి నిద్రమత్తులో పెట్టిన ఒక్క తప్పు కండిషన్ మర్నాడు ముగ్గురి మధ్యాహ్నం తినేస్తుంది.

లెక్క చేతికొచ్చాక రోజుకి ఒక కొస తెంచండి. పొద్దున, రాత్రి రెండూ మీవే అయితే ఎవరూ నిలబడలేరు. రాత్రి కాల్ తప్పనిసరి అయితే పొద్దున ఆలస్యంగా మొదలుపెట్టాలి. లీడ్‌కి ఇలా రాయొచ్చు: "అన్నా, మంగళ, గురువారాల్లో క్లయింట్ కాల్ ఎనిమిదిన్నర దాకా ఉంటోంది. ఆ రెండు రోజులు పన్నెండింటికి లాగిన్ అవుతాను, స్టాండప్ అప్‌డేట్ ముందురోజు రాత్రే గ్రూప్‌లో పెడతాను. ఈ నెలాఖరు దాకా చూద్దాం, ఇబ్బందైతే మారుద్దాం." పని తగ్గించమని అడగకండి, వేళ మార్చమనండి. ఎరిన్ రీడ్ అనే పరిశోధకురాలు ఒక పెద్ద కన్సల్టింగ్ సంస్థ మీద చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, బాహాటంగా గంటలు తగ్గించమని అడిగినవాళ్లకి నష్టం జరిగింది, చప్పుడు చేయకుండా సర్దుకున్నవాళ్లని మాత్రం ఎక్కువ గంటలు చేసేవాళ్లలాగే చూశారు. అన్యాయమే, కానీ అప్రైజల్ దగ్గర ఇది గుర్తుపెట్టుకోవాలి.

క్యాలెండర్‌లో ఇంకోటి చూసుకోండి. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు, మన ఆరున్నర కాల్ ఏడున్నరకి జరుగుతుంది, మార్చి రెండో ఆదివారం దాకా అంతే. పొద్దున స్టాండప్ మాత్రం కదలదు. ఆ నాలుగు నెలలూ మీ రోజు ఎవరూ చెప్పకుండానే గంట పెరుగుతుంది, కాబట్టి అక్టోబర్‌లోనే లీడ్‌తో మాట్లాడండి.

రాత్రి తిన్నాక లాప్‌టాప్ ఎందుకు తెరుస్తున్నారో చూడండి, చాలాసార్లు అవతలివాళ్లకి ఏదో తెలియక అడిగిన ప్రశ్న కోసమే. లాగాఫ్ అయ్యేముందు ఒక హ్యాండాఫ్ నోట్, అంటే పని ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే మెసేజ్, పెడితే ఇది సగం తగ్గుతుంది. ఉదాహరణకి: "పేమెంట్ పేజీ టైమవుట్ సరిచేశాను, టెస్ట్ సర్వర్‌లో ఉంది. రిఫండ్ మొదలుపెట్టలేదు, మీ వైపు నుంచి డేటాబేస్ యాక్సెస్ రావాలి. మీకు సాయంత్రం అయ్యేలోపు వస్తే మాకు రేపు సాయంత్రానికి అయిపోతుంది. ప్రొడక్షన్ ఆగితే ఆన్‌కాల్ నంబర్‌కి ఫోన్ చేయండి, మిగతావి రేపు చూస్తాను." (ప్రొడక్షన్ అంటే కస్టమర్లు వాడే అసలు సిస్టమ్, ఆన్‌కాల్ అంటే అది ఆగితే ఏ వేళైనా ఫోన్ ఎత్తాల్సిన వంతు.) ఆ చివరి వాక్యం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకండి. ఏది అర్జెంటో మీరు చెప్పకపోతే అన్నీ అర్జెంటే అవుతాయి.

మీరే లీడ్ అయితే రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టకండి, పొద్దున వెళ్లేలా షెడ్యూల్ చేయండి. "రేపు చూడు" అని రాసినా ఫ్రెషర్ ఇప్పుడే చూస్తాడు, టెన్షన్ పడతాడు. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకి 35-40 గంటలు చేసేవాళ్లకన్నా పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పాయి. మీ టీమ్‌లో పిల్లల గంటలు మీకు తెలిసి ఉండాలి.

ఇవన్నీ చేసి, లెక్క చూపించి, ఎస్టిమేట్ మార్చమని అడిగాక కూడా రెండు మూడు స్ప్రింట్లలో ఏమీ కదలకపోతే ప్రాజెక్ట్ మారే ప్రయత్నం మొదలుపెట్టండి. ఈసారి మాట్లాడేటప్పుడు జీతంతోపాటు ఈ మూడూ అడగండి: క్లయింట్‌తో ఓవర్‌ల్యాప్ (ఇద్దరూ ఒకేసారి పనిలో ఉండే సమయం) ఎన్ని గంటలు, ఆన్‌కాల్ ఎన్ని వారాలకోసారి, రాత్రి ప్రొడక్షన్ ఇష్యూ చూసినవాళ్లు మర్నాడు ఎన్నింటికి వస్తారు.