చిన్న హోటల్ నుంచి పార్సిల్: శ్రీకాకుళంలో కొత్తవారికి కొన్ని సూచనలు

శ్రీకాకుళం పట్నంలో ఏడు రోడ్ల కూడలి దగ్గరా, డే అండ్ నైట్ కూడలి దగ్గరా పెద్ద అక్షరాల బోర్డులున్న హోటళ్ళకు దారి ఎవరినీ అడగనక్కర్లేదు. దుకాణాల్లో పనిచేసేవారు, ఆఫీసు గుమాస్తాలు, ఆటోలు నడిపేవారు మధ్యాహ్నం భోజనం చేసే చోట్లు మాత్రం చాలావరకు సందుల్లోనే ఉంటాయి. వాటిలో కొన్నింటికి బోర్డు వెలిసిపోయి ఉంటుంది, కొన్నింటికి అసలు ఉండదు. నాలుగు బల్లలు, వెనక పొయ్యి, ముందు గల్లాపెట్టె, అంతే. బదిలీ మీదనో చదువు కోసమో ఈ ఊరికి వచ్చి, ఇలాంటి హోటల్ నుంచి పార్సిల్ తెచ్చుకుని చూద్దామా అని తటపటాయించేవారి కోసం ఈ సూచనలు రాస్తున్నాను. వీటన్నిటికీ మూలం ఒక్కటే: చిన్న హోటల్లో ఏం కొన్నామన్నదాని కన్నా ఏ వేళకు కొన్నామన్నదే రుచిని ఎక్కువగా నిర్ణయిస్తుంది. పెద్ద హోటళ్ళలో మసాలాలు, ముక్కలు సగం సిద్ధంగా ఉండి, అడిగినప్పుడు పొయ్యెక్కుతాయి. ఇక్కడ పొద్దుట వండిన గిన్నెడు కూరే ఆ పూటంతటికీ కూర.

హోటల్‌ను ఎంచుకునేటప్పుడు గోడల రంగు, కుర్చీల పాతదనం చూసి తీర్పు చెప్పకూడదు. మధ్యాహ్నం పన్నెండు దాటాక ఒకసారి ఆ దారిన నడిచి, లోపల తింటున్నది ఎవరో చూడాలి. చుట్టుపక్కల దుకాణాలవారు రోజూ వచ్చి తింటుంటే, గల్లా పక్కన పేర్లు రాసిన స్టీలు క్యారేజీలు వరసగా ఉంటే, ఆ హోటల్‌కు నెలవారీ ఖాతాలున్నట్టు లెక్క. నెల పొడుగునా అదే చేతి వంట తినేవారు నాలుగు రోజులు కడుపు చెడితే ఐదో రోజు రారు కాబట్టి, ఏ రేటింగు కన్నా అదే నమ్మదగిన సాక్ష్యం. తర్వాత చూడవలసినది గరిటె. వడ్డించే మనిషి పప్పు గిన్నె మూత తీసి, గరిటెతో అడుగు నుంచి కలిపి, వడ్డించాక దాన్ని ఎక్కడ పెడుతున్నారో గమనించాలి. గిన్నెలోనే నిలబెట్టి మూత ఓరగా వేస్తే, లేదా పక్కన పళ్ళెంలో పెడితే సరే. తడి బల్ల మీద పెట్టి, అదే గుడ్డతో బల్లనూ గరిటెనూ తుడిచి, మళ్ళీ పులుసులో ముంచితే ఆ పూటకు వేరే హోటల్ చూసుకోవడం మంచిది. ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు గోడ మీద కనిపిస్తే సంతోషించవలసిందే గాని, ఆ కాగితం గరిటెను కడగదు.

వేళ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. భోజన హోటళ్ళలో కూరలు సాధారణంగా పదకొండున్నర, పన్నెండు ప్రాంతంలో దింపుతారు. పన్నెండు నుంచి ఒంటిగంట లోపు వెళ్ళినవారికి అన్నం పొడిపొడిగా, వేపుడు కరకరలాడుతూ దొరుకుతుంది. రెండు దాటాక గిన్నె అడుగున మిగిలినది మళ్ళీ మళ్ళీ వేడి తగిలి ఉప్పు తేలుతుంది, కూరగాయ ముక్క చిదికిపోతుంది. అప్పుడు తెచ్చుకున్న పార్సిల్‌ను బట్టి ఆ హోటల్‌ను అంచనా వేయడం న్యాయం కాదు. టిఫిన్లకు ఏడు నుంచి తొమ్మిది మంచి వేళ. ఆదివారాలు మాత్రం అరసవల్లి సూర్యనారాయణస్వామి దర్శనానికి వచ్చే జనంతో ఆ దారిలో ఉన్న హోటళ్ళన్నీ కిటకిటలాడతాయి. రథసప్తమికైతే చెప్పనే అక్కర్లేదు. రద్దీలో వంట ఒక్కొక్కప్పుడు తొందరపడుతుంది కాబట్టి మొదటి పరిచయానికి మామూలు పనిదినమే మేలు.

ఏం తెచ్చుకోవాలన్నది అసలు విషయం. గోడ మీద రాసిన పట్టికలో ఫ్రైడ్ రైస్, గోబీ మంచూరియా వంటివి ఉన్నా వాటి జోలికి పోకూడదని నా అభిప్రాయం. అవి అడిగినవారి కోసం రాసినవి, వండేవారు ఇంట్లో తినేవి కావు. ఆ ఇంటివారు తాము కూడా తినేదేదో అదే అడగాలి. ఉత్తరాంధ్ర వంటలో కొన్ని కూరలు ఇలాంటి హోటళ్ళలోనే బాగా కుదురుతాయి: నువ్వుల పొడి చల్లిన వంకాయ కూర, ఆవ పెట్టిన అరటికాయ, పనసకాయల కాలంలో పనసపొట్టు కూర, కాస్త బెల్లం పడిన పులుసు, నెత్తళ్ళ వేపుడు, చేపల పులుసు. వీటిలో పార్సిల్‌కు అన్నిటికన్నా అనువైనది చేపల పులుసు. దింపిన గంట తర్వాత చింతపండు పులుపూ కారమూ ముక్కకు పట్టి రుచి పెరుగుతుంది కాబట్టి, ఇంటికి చేరేసరికి అది హోటల్లో కన్నా బాగుంటుంది. అయితే ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల మీద వేటకు నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో వంజరం, చందువ ఉన్నాయని చెబితే అవి ఐసులో నిలవ ఉన్నవా, ఎక్కడినుంచి వచ్చాయి అని ఒక మాట అడగడంలో తప్పులేదు. చెరువు బొచ్చెతో చేసిన పులుసు అప్పుడు నిశ్చింతగా తీసుకోవచ్చు.

పార్సిల్‌కు పనికిరానివీ ఉన్నాయి. పూరీ, దోసె, బజ్జీ మూత పడగానే తమ ఆవిరికి తామే మెత్తబడతాయి, వాటిని అక్కడే నిలబడి తినాలి. ఇడ్లీ తట్టుకుంటుంది, గారె సగం తట్టుకుంటుంది. ఆవ పెట్టిన కూర విషయంలో ఒక జాగ్రత్త ఉంది. నూరిన ఆవముద్దను కూర పొయ్యి మీదనుంచి దింపి చల్లారాక కలుపుతారు. ఇంటికి తెచ్చి దాన్ని మళ్ళీ వేడిచేస్తే ఘాటు పోయి చేదు తేలుతుంది కాబట్టి ఉన్నది ఉన్నట్టుగా తినాలి. మొదటిసారి ఒక పప్పు, ఒక కూర లేదా వేపుడు, ఒక పులుసు చాలు. అన్నం ఇంట్లో వండుకోగలిగితే కూరలే తెచ్చుకోవడం ఇంకా మంచిది.

అడిగే తీరులో కూడా ఫలితం ఉంటుంది. "ఏది బాగుంటుంది?" అంటే అన్నీ బాగుంటాయనే జవాబు వస్తుంది, పాపం వారు మాత్రం ఇంకేమంటారు. "అమ్మా, ఇప్పుడే దించినది ఏటమ్మా?" అని అడిగితే మాట సూటిగా వస్తుంది: "వంకాయ ఇప్పుడే దించేం బాబూ. చేపల పులుసు కావాలంటే ఇంకో పావుగంట పడతాది, కూకోండి." ఆ పావుగంట కూర్చోవడమే లాభం. కారం తగ్గించమని మాత్రం అడగకూడదు. గిన్నెడు కూర ఒక్కరి కోసం మారదు. పిల్లలున్న ఇంటికైతే కారం కూర బదులు పప్పు ఒక కప్పు ఎక్కువ తీసుకోవచ్చు.

మూటగట్టే విషయంలో ఎవరూ మొహమాటపడనక్కర్లేదు. ఇంటినుంచి స్టీలు క్యారేజీ తీసుకెళ్ళడం అన్నిటికన్నా ఉత్తమం. పొగలు కక్కే సాంబారును పలచని ప్లాస్టిక్ కవరులో పోసి రబ్బరు బ్యాండు బిగించడం ఇప్పటికీ కనిపిస్తుంది గాని, 120 మైక్రాన్ల కన్నా పలచని ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి నిషిద్ధం. అచ్చు కాగితాల్లో తినుబండారాలు చుట్టడం కూడా నిషిద్ధమే, సిరాలోని రసాయనాలు నూనె వెంట తిండిలోకి దిగుతాయి. బజ్జీకో గారెకో ఆకు అడిగితే, దుకాణంలో అడ్డాకులు ఉంటే సంతోషంగా ఇస్తారు. సీతంపేట, పార్వతీపురం వైపు ఏజెన్సీ నుంచి వచ్చే ఆ ఆకు వేడికి కమలదు, నూనెకు చిరగదు.

క్యారేజీ సర్దడానికి ఒక పద్ధతి ఉంది. పులుసు, సాంబారు వంటి జారుడు పదార్థాలు అడుగు గిన్నెలో, అంచు కన్నా ఒక వేలెడు కిందికి పోయించాలి. దాని మీద అన్నం, అన్నిటికీ పైన వేపుడు పెట్టించాలి. వేపుడు గిన్నె అడుగున పడితే పై గిన్నెల బరువుకూ ఆవిరికీ ముద్దైపోతుంది. చింతపండు పులుసును అల్యూమినియం గిన్నెలో పోయించకూడదు, పులుపు ఆ లోహాన్ని తింటుంది. మరొక చిన్న సంగతి: పెద్ద గిన్నెలో కూర తక్కువగా కనిపించి పేచీ రాకుండా, ముందే వారి కప్పుతోనే కొలిచి పోయమని చెప్పాలి. పార్సిల్‌కు విడిగా డబ్బాల చార్జీ ఉందేమో, సొంత గిన్నెకు కూడా దాన్ని వేస్తారేమో అప్పుడే అడగాలి. బిల్లు మీద జీఎస్టీ నంబరు లేనప్పుడు పన్ను పేరుతో ఏమీ కట్టనవసరం లేదు.

ఇంటికి చేరడంలో ఆలస్యం చేయకూడదు. వండిన తిండి 60 డిగ్రీలకు పైన వేడిగా ఉన్నంతసేపు భయం లేదు. అది గోరువెచ్చగా రెండు గంటలు దాటితేనే చిక్కు, మే నెల ఎండల్లో అంతసేపు కూడా ఆగకూడదు. చాలామంది కూర గురించి భయపడి అన్నాన్ని పట్టించుకోరు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే అవి మొలకెత్తి, పెరిగి, ఒక విషాన్ని తయారుచేస్తాయి, ఆ విషం మళ్ళీ వేడిచేసినా విరగదు. రాత్రికి ఉంచుకోదలచిన భాగాన్ని ముందే విడిగా తీసి, వెడల్పు పళ్ళెంలో చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. రైలు ప్రయాణానికి తీసుకెళ్ళేవారు స్టేషన్ ఆమదాలవలసలో ఉందన్న సంగతి లెక్కలో వేసుకోవాలి. పట్నంలో పార్సిల్ కట్టించి, అక్కడికి చేరి, రైలు ఆలస్యమై, చివరికి మూత తీసేసరికి రెండు గంటలు తేలిగ్గా గడుస్తాయి. అలాంటప్పుడు సాంబారు, పెరుగు వద్దు. పులిహోర గాని, చపాతీలూ పొడి కూరా గాని తీసుకోవాలి.

రుచి చూసేటప్పుడు ఇంట్లోని ఆవకాయ, నెయ్యి పక్కన పెట్టి, మొదటి ముద్ద కూరతోనే తినాలి. ఉప్పు, పులుపు సమంగా ఉన్నాయా, తాలింపు మాడిందా, నూనె వాసన పాతదా అన్నవి ఆ ముద్దలోనే తెలుస్తాయి. నూనె పైకి తేలడం లోపం కాదు, మాడిన నూనె వాసన మాత్రం లోపమే. ఒకసారికి తేల్చుకోకుండా, మరో రోజు అక్కడే కూర్చుని అదే కూర తిని చూస్తే, తేడా వంటదా పార్సిల్‌దా అన్నది అర్థమవుతుంది. ఏదైనా నిజంగా బాగుండకపోతే ఫోన్‌లో చుక్కలు తగ్గించే బదులు, జనం లేని వేళ గల్లా దగ్గరికి వెళ్ళి "నిన్న పప్పులో ఉప్పు ఎక్కువైందండీ" అని మెల్లగా చెప్పాలి. వండేది, వడ్డించేది, డబ్బు తీసుకునేది ఒకే ఇంటివారైన చోట ఆ మాట ఆ మర్నాటి గిన్నెకే చేరుతుంది.

వంట నచ్చితే ఫోన్ నంబరు తీసుకుని, పొద్దున తొమ్మిది లోపు ఏం వండుతున్నారో కనుక్కుని, కావలసినది తీసి ఉంచమని చెప్పవచ్చు. పది మందికి మించి కావలసి వస్తే ముందురోజు సాయంత్రమే స్వయంగా వెళ్ళి చెప్పి, కొంత అడ్వాన్సు ఇచ్చి, గిన్నెలు ఎవరివి, వారి గిన్నెలైతే ఎప్పుడు తిరిగి ఇవ్వాలి, చేప ముక్క మనిషికి ఒకటా రెండా అన్నవి అక్కడే మాట్లాడుకోవాలి.