ఎడారి నగరంలో గాలిని చదవడం – 3వ పాఠం: ఫీనిక్స్ చలికాలపు మసక

పోయిన పాఠంలో ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) అంకె వెనక ఉన్నది సన్నకణాలా (పీఎం 2.5), ముతక దుమ్మా (పీఎం 10), ఓజోనా అని విడదీసి చూడటం నేర్చుకున్నాం. ఈసారి యాప్ పక్కన పెట్టి కళ్లకు పని చెబుదాం.

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఉన్న ఫీనిక్స్‌కి కొత్తగా వచ్చినవాళ్లు ముందు అడిగేది హబూబ్ (పెద్ద దుమ్ముతుఫాను) గురించే. 2011 జులై 5న దాదాపు మైలు ఎత్తున లేచిన దుమ్ముగోడ వీడియోలు ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉంటాయి. దానికి పెద్ద పాఠం అక్కర్లేదు. బండిని రోడ్డు మీంచి పూర్తిగా పక్కకు దింపి, లైట్లన్నీ ఆర్పి, బ్రేకు మీద నుంచి కాలు తీసి కూర్చోవాలి. లైట్లు వెలుగుతుంటే వెనక వచ్చేవాడు అదే దారి అనుకుని మీ మీదికి వచ్చేస్తాడు.

అసలు చదవాల్సింది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ఎండ హాయిగా కాసే రోజుల్లో ఊరి మీద పరుచుకునే గోధుమరంగు పొరను. ఇక్కడివాళ్లు దాన్ని బ్రౌన్ క్లౌడ్ అంటారు.

ఊరు చుట్టూ కొండలున్న లోయలో ఉంది. చలికాలం రాత్రుళ్లు మబ్బుండదు, తేమ తక్కువ, నేల పగటి వేడిని గబగబా వదిలేస్తుంది. దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కుతుంది, పైగాలి మాత్రం వెచ్చగానే ఉంటుంది. గిన్నె మీద మూత పెట్టినట్టే. కార్ల పొగ, నెగళ్ల పొగ, కట్టుబడి పనుల దుమ్ము అన్నీ కిందే ఉండిపోతాయి. ఎండెక్కి నేల వేడెక్కితేగానీ మూత తెరుచుకోదు. 1950లో లక్ష పైచిలుకు జనం ఉన్న ఊరు 2020 లెక్కలకి 16 లక్షలు దాటింది. మూత అప్పుడూ ఉంది, దాని కింద పొగే ఇంత లేదు.

ఇక సాధన. మీరున్న చోటు నుంచి కనిపించే మూడు కొండలు ఎంచుకోండి: దగ్గరది, మధ్యది, బాగా దూరంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే శివారు పట్టణం చాండ్లర్ నుంచైతే పడమట సౌత్ మౌంటెన్, ఆగ్నేయాన శాన్ టాన్ కొండలు, ఈశాన్యం వైపు సూపర్‌స్టిషన్ కొండలు. ఫోన్ మ్యాప్‌లో ఒక్కోదానికి దూరం కొలిచి రాసుకోండి. ఆఫీసు పార్కింగ్ పై అంతస్తు లాంటి చోటు దొరికితే మరీ మంచిది. చూసేటప్పుడు సూర్యుడు మీ వీపు వైపు ఉండాలి. సూర్యుడికి ఎదురుగా చూస్తే కొద్దిపాటి పొగ కూడా తెల్లగా మెరిసి పెద్దదిగా కనిపిస్తుంది. అందుకే పొద్దున పడమటి కొండ, సాయంత్రం తూర్పు కొండ.

ఉదయం ఏడున్నరకి సౌత్ మౌంటెన్ చూశారనుకోండి. కొన మీది టీవీ టవర్లు గీసినట్టు స్పష్టంగా ఉన్నాయి, వాటి వెనక ఆకాశం నీలంగానే ఉంది, కొండ నడుము దగ్గర అడ్డంగా ఒక గీత, దాని కింద అంతా బురదరంగు. పొర పలచనిది, మూత గట్టిగా ఉంది అని అర్థం. మధ్యాహ్నానికి చాలావరకు లేచిపోతుంది, కాబట్టి పిల్లల సాకర్ ప్రాక్టీసు అప్పుడు పెట్టుకోండి. గోధుమరంగుకి ముఖ్య కారణం బళ్ల పొగలోని నైట్రోజన్ డయాక్సైడ్, మసి. అవి వెలుతురులో నీలాన్ని ఎక్కువగా మింగేస్తాయి. గీత ఎక్కడా లేకుండా కొండ మొదలు నుంచి కొన దాకా ఒకేలా వెలిసిపోయి ఉంటే ముందు గాలి ఎంత జోరుగా ఉందో చూడండి. చాలాసార్లు అది ముతక దుమ్ము.

ఈ పొర ఒకచోట ఉండదు. రాత్రి కొండల మీద నుంచి జారే చల్లగాలి దాన్ని పడమటికి తోస్తుంది, పగటి గాలి మళ్లీ తూర్పుకి తెస్తుంది. డౌన్‌టౌన్ అంకె చూసి మీ వీధి గాలిని లెక్కగట్టకండి.

కన్ను మోసపోయే చోట్లూ ఉన్నాయి. బరువు సమానమే అయినా, ముతక దుమ్ము కంటే సన్నకణాలు చూపుని చాలా ఎక్కువగా మసకబారుస్తాయి. ఓజోన్ అయితే కంటికే ఆనదు. ఆకాశం మచ్చలేకుండా ఉన్న జూన్ మధ్యాహ్నం అది హద్దు దాటి ఉండొచ్చు. దాని సంగతి వచ్చే పాఠంలో.

ఇంకో మాట. హైదరాబాద్ నుంచి అమ్మానాన్నలు పంపే ఏక్యూఐ స్క్రీన్‌షాట్‌తో మీ అంకెను పోల్చి వాదనకు దిగకండి. ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాముల పీఎం 2.5 ఉంటే భారత లెక్కలో ఏక్యూఐ సుమారు 83, ‘సంతృప్తికరం’. అదే గాలి అమెరికా లెక్కలో 137, ఆస్తమా ఉన్నవాళ్లకు మంచిది కాదని హెచ్చరిక. పోల్చాలంటే మైక్రోగ్రాములే పోల్చండి.

ఇంటిపని: వారం పాటు ఉదయం ఏడున్నరకి, మధ్యాహ్నం ఒంటిగంటకి అవే మూడు కొండలకి ఫొటో తీయండి (సూర్యుడికి ఎదురుగా తీసిన ఫొటోలోని మసకను మాత్రం నమ్మకండి). ఫోన్‌లో హెచ్‌డీఆర్ ఆపేయండి, లేకపోతే ఫోనే మసకను సరిదిద్ది చూపిస్తుంది. ఫొటో కింద మీ అంచనా రాశాకే యాప్ తెరవండి. మీ వారంలో జనవరి 1 పడితే ఆ ఉదయం బద్ధకించకండి: రాత్రి కాల్చిన టపాసుల పొగ మూత కింద చిక్కుకుని ఉంటుంది. అరిజోనా చట్టం టపాసులకి ఒప్పుకున్న రోజుల్లో దీపావళి కూడా ఉంది కాబట్టి, ఆ మర్నాటి ఫొటో పక్కన పెట్టి చూస్తే మన వాటా ఎంతో కూడా తేలుతుంది.