కర్ఫ్యూ రోజుల్లో పెరటి తోటకు కావాల్సినవి ఎలా సమకూర్చుకోవాలి?

కరోనా కర్ఫ్యూ వల్ల 2021 మే 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్నం 12 గంటలకల్లా షాపులు మూసేసేవారు. పొద్దున్న ఆరింటి నుంచి దొరికే ఆ కాస్త సమయంలోనే మందులు, పాలు, కూరలు, బ్యాంకు పని అన్నీ చూసుకోవాల్సి వచ్చేది. అలాంటి రోజుల్లో కుండీల కోసం ఒక రోజు, విత్తనాల కోసం ఇంకో రోజు బయట తిరగడం మనకీ మంచిది కాదు, అమ్మేవాళ్లకీ మంచిది కాదు. అంతకు ముందు ఏడాది, 2020 మార్చి 27న కేంద్రం విత్తనాలు, ఎరువులు, వ్యవసాయ పనులకు లాక్‌డౌన్ నుంచి మినహాయింపు ఇచ్చింది. అది రైతు పంట ఆగకూడదని ఇచ్చిన మినహాయింపు. మేడ మీద నాలుగు కుండీలు పెట్టుకునే మనం దాన్ని చూపించి రోడ్డెక్కకూడదు.

అలాగని తోట మానుకోనక్కర్లేదు. గోదావరి డెల్టాలో ఉన్నవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. పెరటికి కావాల్సిన వాటిలో సగానికి పైగా ఊళ్లోనే దొరుకుతాయి, అదీ దాదాపు ఊరికే. నిజంగా కొనాల్సినవి నాలుగైదు. వాటిని ఫోన్ మీద మాట్లాడుకుని ఒకే విడతలో తెప్పించుకోవచ్చు.

1. ముందు లెక్క రాసుకోండి

ఎన్ని కుండీలు, ఏ మొక్కలు అన్నది తేలకుండా ఫోన్ చేయొద్దు. అంగుళాల్లో చెప్పాలంటే 12 అంగుళాల కుండీకి సుమారు 15 లీటర్ల మిశ్రమం పడుతుంది. పది కుండీలకు 150 లీటర్లు. మట్టి ఒక వంతు, కొబ్బరి పొట్టు ఒక వంతు, పశువుల ఎరువు ఒక వంతు అనుకుంటే ఒక్కొక్కటి 50 లీటర్లు. 25 కిలోల బియ్యం సంచిలో సుమారు 30 లీటర్లు పడుతుంది, కాబట్టి పశువుల ఎరువు రెండు సంచులకు కాస్త తక్కువే సరిపోతుంది. కొబ్బరి పొట్టునే కోకోపీట్ ఇటుకగా కొనాలంటే, 5 కిలోల ఇటుక ఒక్కటి నీళ్లలో నానితే 65 నుంచి 75 లీటర్లు అవుతుంది. పది కుండీలకు ఒకటి చాలు. ఈ లెక్క తెలియక మూడు నాలుగు ఇటుకలు ఆర్డర్ పెట్టేవాళ్లున్నారు.

మే నెలలో ఏం వేయాలో కూడా అప్పుడే తేల్చుకోండి. తోటకూర, గోంగూర, బచ్చలి, బెండ, ఆనప, బీర, దోస ఈ ఎండలకు తట్టుకుంటాయి. కొత్తిమీర మాత్రం వానలు పడేదాకా ఆపండి. ఎండల్లో వేస్తే మొలకలు సరిగ్గా రావు, వచ్చినా తొందరగా పూతకు వెళ్లిపోతాయి.

2. వంటింట్లో, వీధిలో వెతకండి

కూరల వాళ్లు తెచ్చే బచ్చలి కాడలు, పుదీనా కాడలు నీళ్లలో పెడితే వేళ్లు తొడుగుతాయి. తోటకూర వేళ్లతో వస్తే పైన కోసుకుని, మొదలు రెండు అంగుళాలు ఉంచి మట్టిలో పెట్టండి, మళ్లీ చిగురిస్తుంది. మొలక వచ్చిన చేమదుంప, కన్నున్న కంద ముక్క వండేయకుండా పక్కన పెట్టండి. మే నెల కంద నాటే కాలమే. దాని పక్కనే బచ్చలి పాకిస్తే కందబచ్చలి కూరకి సరుకంతా పెరట్లోనే ఉంటుంది.

మునగకి విత్తనం కొనొద్దు. ముదిరిన కొమ్మ మూడడుగులది కోసి పాతితే చాలు. కరివేపాకు చెట్టు చుట్టూ పిలకలు లేస్తాయి, వేరుతో తవ్వి తెచ్చుకోవచ్చు. అరటి పిలక అడిగితే ఇవ్వని రైతు ఈ ప్రాంతంలో అరుదు.

ఇక పాదుల విత్తనాలు. వీధిలో పెద్దావిడ ఎవరైనా ఉంటే ఫోన్ చేసి, "మామ్మగారూ, మీ దగ్గర ఆనప గింజలు, బీర గింజలు ఉన్నాయా?" అని అడగండి. చూరుకి వేలాడదీసిన ఎండు బీరకాయ, డబ్బాలో బూడిద కలిపి దాచిన గింజలు చాలా ఇళ్లలో ఇంకా ఉన్నాయి. నా మాట నమ్మండి, మన గాలికి, మన నీళ్లకి అలవాటు పడిన ఆ గింజ ముందు రంగుల ప్యాకెట్ ఎందుకూ పనికిరాదు. కాకపోతే గింజ పాతదైతే ముందు పరీక్షించాలి. పది గింజలు తడిగుడ్డలో చుట్టి వారం ఉంచండి. ఏడు పైన మొలిస్తే మామూలుగా వేసుకోవచ్చు, నాలుగైదే మొలిస్తే రెట్టింపు గింజలు వేయండి. సంకర (హైబ్రిడ్) రకం కాయ నుంచి తీసిన గింజ మొలుస్తుంది కానీ కాయ తల్లి పోలికతో రాదు. బజారు టమాటా గింజలు వేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

కుండీలకు పెయింటు డబ్బాలు, పగిలిన బిందెలు, బియ్యం సంచులు చాలు. ప్లాస్టిక్ సంచి ఎండకి ఒక పంట కాలం ఆగుతుంది. అడుగున నాలుగు చిల్లులు, అంగుళం పైన పక్కల నాలుగు చిల్లులు పెట్టండి. భీమవరం వైపు రొయ్యల వ్యాపారం వాళ్లు పారేసే థర్మాకోల్ పెట్టెలు ఆకుకూరలకు బాగుంటాయి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగి వాడండి. పురుగుమందు డబ్బాలు మాత్రం ఎన్నిసార్లు కడిగినా వాడొద్దు. ఇందులో రాజీ లేదు.

3. మట్టి, పొట్టు, ఎరువు

అసలు తేడా వచ్చేది ఇక్కడే, కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు.

డెల్టా పొలాల నల్లమట్టి వరికి మంచిదే. ఒంటరిగా కుండీలో వేస్తే తడిసినప్పుడు జిగురు, ఎండినప్పుడు రాయి. లంకల్లోని ఒండ్రు మట్టి దొరికితే దానికి మించింది లేదు. లేదంటే మెట్ట వైపు ఎర్రమట్టి. రెండూ దొరక్కపోతే నల్లమట్టినే వాడండి, మూడో వంతుకు బదులు నాలుగో వంతు వేసి పొట్టు పెంచండి. రొయ్యల చెరువు మట్టి జోలికి వెళ్లొద్దు. అందులో ఉప్పు ఉంటుంది, మొలకలు మాడిపోతాయి. అనుమానంగా ఉంటే గుప్పెడు మట్టి తడిపి ఎండబెట్టండి. పైన తెల్లటి పొర కడితే ఆ మట్టి వద్దు. సముద్రానికి దగ్గర ఊళ్లవాళ్లు బోరు నీళ్ల విషయంలోనూ ఈ జాగ్రత్త తీసుకోవాలి.

కొబ్బరి పొట్టు కోసం కోనసీమ వాళ్లు ఆన్‌లైన్‌లో వెతకడం నాకు బాధనిపిస్తుంది. అంబాజీపేట, అమలాపురం చుట్టుపక్కల పీచు తీసే యూనిట్ల దగ్గర పొట్టు గుట్టలు గుట్టలుగా ఉంటుంది. అటు వెళ్లే పాల వ్యాన్ వాళ్లకో, కొబ్బరికాయల వ్యాన్ వాళ్లకో చెప్తే రెండు సంచులు తెచ్చి పెడతారు, పెట్రోలు డబ్బులు ఇవ్వండి. ఎర్రగా మెరిసే తాజా పొట్టు కాకుండా, వానకి తడిసి నల్లబడ్డ పాత గుట్టలోది అడగండి. కొత్తదానిలో ఉప్పు ఎక్కువ. ఏదైనా సరే, డ్రమ్ములో నానబెట్టి నీళ్లు పారబోసి, మళ్లీ నింపి, ఇలా రెండు మూడుసార్లు కడిగాకే కలపండి.

పశువుల ఎరువు పాలు పోసే వాళ్లనే అడగండి. రోజూ మీ గుమ్మం ముందుకు వచ్చే మనిషే కాబట్టి ప్రత్యేకంగా ఎవరూ తిరగక్కర్లేదు. కనీసం మూడు నాలుగు నెలలు మాగినది కావాలి. చేత్తో నలిపితే పొడి అవ్వాలి, వాసన ఉండకూడదు, గుట్టలో చెయ్యి పెడితే వేడి తగలకూడదు. వేడిగా ఉంటే ఇంకా మాగలేదని అర్థం. అనపర్తి, తణుకు వైపు కోళ్ల ఫారాల ఎరువు సులువుగా దొరుకుతుంది కానీ అది ఘాటైనది. బాగా పాతబడ్డదే తీసుకుని, కుండీకి రెండు గుప్పెళ్లు మించకుండా వేయండి.

రైస్ మిల్లు ఊక కూడా పనికొస్తుంది. మొత్తం మిశ్రమంలో పదో వంతు కలిపితే మట్టి గుల్లగా ఉంటుంది. ఊక బూడిద అయితే కుండీకి ఒక గుప్పెడే.

ఎండకి గ్రీన్ నెట్ దొరక్కపోతే బెంగ వద్దు. కొబ్బరి మట్టలు, తాటాకులు అడ్డంగా వేసి పందిరి కట్టుకోండి.

4. షాపులో కొనాల్సినవి

ఇప్పుడు మీ జాబితాలో మిగిలేవి: ఇంట్లో దొరకని విత్తనాలు, వేపపిండి రెండు కిలోలు, ఒక చిన్న సీసా వేపనూనె, ఒక స్ప్రేయర్. అంతే. యూరియా 45 కిలోల బస్తా, అదీ ఆధార్ చూపించి మెషీన్‌లో వేలిముద్ర వేసి తీసుకోవాలి. అది రైతులకి వదిలేద్దాం. పెరటికి దాని అవసరం లేదు.

మీ ఊరి ఎరువుల షాపు బోర్డు మీద నంబరుంటుంది. ఎనిమిదింటి లోపు రద్దీ ఉంటుంది కాబట్టి ముందు రోజు పది, పదకొండు గంటల మధ్య ఫోన్ చేసి సరుకు చెప్పండి, కట్టి ఉంచమనండి. విత్తన ప్యాకెట్ ఫొటో వాట్సాప్‌లో పంపమని అడగండి. ఫొటోలో చూడాల్సినవి మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ, గడువు తేదీ. విత్తన లేబుల్ చెల్లుబాటు పరీక్ష తేదీ నుంచి తొమ్మిది నెలలు. అమ్ముడుపోని పాత సరుకు అరల్లో ఉండిపోయే అవకాశం ఉంది, అందుకే ఈ ఒక్క ఫొటో తప్పనిసరి.

వేపనూనె 1500 పీపీఎం (మందు గాఢత) అని రాసున్నది తీసుకోండి. లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్లు, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టాలి. అది కూడా దొరక్కపోతే ఎండు వేపగింజల పొడి లీటరుకి 50 గ్రాములు రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడగట్టి వాడొచ్చు. షాపాయన వేరే మందు ఇస్తానంటే డబ్బా మీద విష తీవ్రతను చెప్పే త్రికోణం రంగు చూడండి. ఎరుపు, పసుపు ఉంటే ఇంట్లోకి తేవద్దు, పిల్లలున్న ఇల్లయితే మరీ.

5. కడియం నుంచి మొక్కలు

కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి చుట్టూ జాతీయ రహదారి 16 పొడవునా నర్సరీలే. 2020 వేసవిలో లాక్‌డౌన్ వల్ల లారీలు ఆగిపోయి, పెళ్లిళ్లు వాయిదా పడి, మొక్కలు, పూలు అమ్ముడుపోక అక్కడివాళ్లు బాగా నష్టపోయారు. మొక్క గోదాములో పెట్టే సరుకు కాదు, అమ్ముడైనా అవకపోయినా రోజూ నీళ్లు పోయాలి, కూలి ఇవ్వాలి. అందుకే కొనేదేదో చిన్న నర్సరీల దగ్గర కొనమని నా కోరిక, మరీ గీసి బేరం ఆడకుండా.

మనిషి వెళ్లక్కర్లేదు. వీధిలో ఐదారు ఇళ్లవాళ్లు కలిసి ఒకే ఆర్డర్ పెట్టండి. ఒక ట్రాలీ ఆటోలో అందరివీ వచ్చేస్తాయి, కిరాయి పంచుకోవచ్చు. ఇలా మెసేజ్ పెడితే సరిపోతుంది:

"నమస్కారమండి. మాది మండపేట. బంగినపల్లి మామిడి అంటు 1, మల్లె 3, కరివేపాకు 1, జామ అంటు 2 కావాలండి. ఒక్కో మొక్క ఫొటో పక్కన స్కేలు పెట్టి పంపండి. కవరు సైజు, రేటు, కిరాయితో కలిపి ఎంతవుతుందో చెప్పండి. ఉదయం పది లోపు అందేలా పంపగలరా?"

స్కేలు ఎందుకంటే ఫొటోలో జానెడు మొక్క కూడా చెట్టంత కనిపిస్తుంది. మామిడి అయితే అంటు మొక్కా, టెంక మొక్కా అని అడిగి, అంటు కట్టిన చోటు దగ్గర్నుంచి ఫొటో పెట్టించుకోండి. టెంక మొక్క కాపుకి ఏళ్లు పడుతుంది, ఏ రకం కాస్తుందో చెప్పలేం.

పండ్ల మొక్కలు మేలోనే మాట్లాడి పెట్టుకుని, మృగశిర కార్తె దాటి రెండు వానలు పడ్డాక తెప్పించుకోవడం మేలు. రోహిణి ఎండలో ఆటో మీద వచ్చిన అంటు మొక్క సగం ప్రాణంతో దిగుతుంది. పూల మొక్కలు, ఆకుకూర నారు అయితే తెల్లవారుజామున బయల్దేరేలా పంపమనండి.

6. డబ్బు

ఫోన్‌పే, గూగుల్ పే చాలు. కొత్త నర్సరీకి సగం ముందు, సగం మొక్కలు దిగాక అని ముందే మాట్లాడుకోండి. డబ్బు పంపేటప్పుడే పిన్ నొక్కాలి. మీకు డబ్బు వాపసు వేస్తాం, కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అని ఎవరైనా అంటే అది మోసమే. ఫోన్ పెట్టేయండి.

7. ఇంటికి చేరాక

ఆటో అబ్బాయికి దూరం నుంచే చోటు చూపించి మొక్కలు గేటు దగ్గర దింపించుకోండి, తాగడానికి మంచినీళ్ల సీసా ఇవ్వండి. మాస్కు తీయొద్దు. మొక్కల మీద, విత్తనాల మీద శానిటైజర్ కొట్టకండి, ఆకులు మాడతాయి. ప్యాకెట్లు ఒక పక్కన ఉంచేసి చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు.

ఆకుల అడుగు తప్పకుండా తిప్పి చూడండి. తెల్లటి మైనపు పొడి సుడులు సుడులుగా కనిపిస్తే అది రూగోస్ తెల్లదోమ. కొన్నేళ్లుగా కోనసీమ కొబ్బరిని పీడిస్తున్నది ఇదే. అలాంటి మొక్కను మిగతావాటికి దూరంగా పెట్టి, ఆకుల అడుగు నీళ్లతో గట్టిగా కడిగి, వేపనూనె కొట్టండి. ఉధృతంగా ఉంటే ఫొటో తీసి నర్సరీకి పంపి మార్చమని అడగండి.

వచ్చిన రోజే కుండీ మార్చొద్దు. వారం పాటు నీడలో ఉంచి పొద్దున్న, సాయంత్రం నీళ్లు పోయండి. తర్వాత ఒక సాయంత్రం కవరు కోసి, చుట్టుకుపోయిన వేళ్లు ఉంటే చివర్లు కత్తిరించి నాటండి. విత్తనాల ప్యాకెట్ మొత్తం ఒకేసారి వేయకుండా సగం ఉంచండి. మిగిలింది పొడి గాజు సీసాలో కాస్త బూడిద కలిపి మూత బిగించి పెడితే, వానలు మొదలయ్యాక రెండో విడత వేసుకోవడానికో, పక్కింటివాళ్లు అడిగితే ఇవ్వడానికో ఉంటుంది.